‘స’ గుచ్చుకునే హెడ్‌ఫోన్లు: పది నెలల వాడకం తరువాత

ఈ హెడ్‌ఫోన్లను నేను కొన్నది తీరిక వేళ పాటలు వినడానికి కాదు. మా నాన్నగారు 1980లలో మా ఊరి శ్రీరామనవమి పందిళ్లలోనూ, బంధువుల పెళ్ళిళ్లలోనూ టేప్‌రికార్డరు దగ్గర పెట్టుకొని పట్టిన హరికథలు, నాదస్వర కచేరీలు మొత్తం 43 క్యాసెట్లు మా ఒంగోలు ఇంటి బీరువాలో ఉన్నాయి. అవి బూజు పట్టి, టేపు ఒకదానికొకటి అతుక్కుపోయే లోపల కంప్యూటరులోకి ఎక్కించాలన్నది చాలా ఏళ్ళుగా నేను వాయిదా వేస్తూ వచ్చిన పని. నిరుడు ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆ పనికి కూర్చున్నాను. చిన్న చప్పుడును కూడా వదలకుండా వినిపించే సాధనం కావాలి కనుక, వెనుక భాగం జల్లెడలా తెరిచి ఉండే స్టూడియో రకం హెడ్‌ఫోన్లను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ధర 9 వేల రూపాయలకు కొద్దిగా తక్కువ. తయారుచేసిన సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. నేను విన్నది ఒక్క జతనే. ఒకే నమూనాలో జతకూ జతకూ, ఒకరి చెవికీ మరొకరి చెవికీ తేడాలు ఉంటాయని తెలిసి కూడా నా ఒక్కడి అనుభవాన్ని ఆ పేరుకు అంటగట్టడం న్యాయం కాదు. పైగా నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క సంస్థకే పరిమితమైనదీ కాదు. వివరాలు బాగా వినిపించాలన్న ఉద్దేశంతో ట్రెబుల్‌కు, అంటే పైధ్వనులకు, పదును పెట్టిన హెడ్‌ఫోన్లు కొన్న ప్రతివారికీ ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది.

ముందుగా బాగున్న విషయాలు చెప్పి ముగిస్తాను. తల మీద బరువు తెలియదు. మెత్తలు వెల్వెట్టు గుడ్డవి కావడం వల్ల ఒంగోలు ఎండాకాలంలో కూడా రెక్సిన్ మెత్తల్లాగా చెవుల చుట్టూ చెమట కారదు. వెనుక తెరిచి ఉండడం చేత ధ్వని తలలో ఇరుక్కున్నట్లు కాక కొంచెం ఎడంగా, పందిట్లో కూర్చొని విన్నట్లు ఉంటుంది. అదే కారణం చేత ఫ్యాను చప్పుడు లోపలికి వస్తుంది, హరికథ బయటికి పోతుంది. రాత్రిపూట పక్కన ఎవరైనా నిద్రపోతుంటే ఇవి పనికిరావు. బాస్, అంటే కిందిధ్వనులు, మృదంగం ఎడమవైపు పలికే గుంకి అనే జారుడు నాదాన్ని చక్కగా చూపిస్తుంది. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ‘స’ దగ్గర వచ్చింది. మొదటి రోజు పెట్టిన క్యాసెట్టులో దాసుగారు సీతాస్వయంవరం కథ చెబుతున్నారు. ‘సీత’ అన్న ప్రతిసారీ ఆ మొదటి అక్షరం సూదిమొనలా చెవిలో దిగింది. ‘సభ’, ‘సింహాసనం’, ‘సఖులు’ అన్నీ అంతే. శ, ష, స, హలను మన వ్యాకరణం ఊష్మాలు అంటుంది, ఊష్మమంటే వేడి. బడిలో చదువుకున్నప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టారా అనుకున్న నాకు ఆ రోజు చెవి కాలినట్లు అనిపించాక పెట్టినవారి మీద గౌరవం పెరిగింది. ఊష్మాలే కాదు, ‘చాలు’, ‘చల్ల’, ‘చుక్క’ అనే మాటల్లో మనం పలికే దంత్య చకారంలో కూడా ‘స’ వంటి ఒరిపిడి ఉంటుంది కనుక అదీ చురుక్కుమంది. అరగంట గడిచేసరికి నుదుటి మీద బరువు పెట్టినట్లయి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టవలసి వచ్చింది.

ఇక్కడ ట్రెబుల్ అనే మాటను గురించి ఒక్క ముక్క చెప్పాలి. దీన్ని కొందరు ‘తారస్థాయి’ అని రాస్తున్నారు. అది సంగీతం తెలిసినవారిని దారి తప్పిస్తుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే పురుషుడి తారస్థాయి షడ్జం సుమారు 277 హెర్ట్జ్, అంటే సెకనుకు 277 కంపనాలు మాత్రమే. హెడ్‌ఫోన్ల విషయంలో మనం ట్రెబుల్ అనేది అంతకు సుమారు పధ్నాలుగు నుంచి డెబ్బై రెట్లు పైన, 4 వేల నుంచి 20 వేల హెర్ట్జ్ మధ్య ఉండే ప్రదేశం. అక్కడ స్వరాలు ఉండవు. స్వరాల మీద ఉండే మెరుపు ఉంటుంది. హల్లుల ఒరిపిడి, గజ్జెల గలగల, ఫిడేలు కమాను రాసుకునే చప్పుడు, చిడతల లోహధ్వని అక్కడివే. కనుక ట్రెబుల్ ఎక్కువైతే పాట శ్రుతి మారదు, పాట చర్మం గరుకెక్కుతుంది. క్యాసెట్టు విషయంలో ఇంకొక బాధ కూడా ఉంది. టేపుకు సహజంగా ఉండే ‘బుస్స్’ అనే హోరు కూడా మన చెవికి ఎక్కువగా తెలిసేది ఆ ప్రదేశంలోనే. పదునైన హెడ్‌ఫోన్లలో ఆ బుస దాసుగారి గొంతుకు పోటీగా నిలబడుతుంది.

నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. హెడ్‌ఫోన్లలో విన్నదే నిజమని నమ్మి, బుస అంతా క్యాసెట్టుదే అనుకొని, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో దాన్ని తుడిచే పనికి పూనుకున్నాను. బుస మాత్రమే ఉన్న రెండు సెకన్ల చోటును నమూనాగా చూపిస్తే ఆ సాఫ్ట్‌వేరు మిగిలిన ధ్వనిలోంచి దాన్ని తగ్గిస్తుంది. ఒకసారి తుడిచినా నా చెవికి మిగిలే ఉన్నట్లు అనిపించి రెండోసారి తుడిచాను. అప్పటికీ ‘స’ గుచ్చుకుంటూనే ఉంటే 5 వేల హెర్ట్జ్‌కు పైనున్నదంతా 8 డెసిబెల్‌లు (ధ్వని బలాన్ని కొలిచే ప్రమాణం) కిందికి దించాను. చివరికి నా హెడ్‌ఫోన్లలో కథ హాయిగా వినిపించింది. అలా పదకొండు క్యాసెట్లు పూర్తిచేసి, కందుకూరు నుంచి మా అక్క వచ్చినప్పుడు ఎంతో గొప్పగా హాల్లోని స్పీకరులో పెట్టాను. ఐదు నిమిషాలు విని ఆమె, “ఏరా, చిడతలేవిరా? దాసుగారు చేతులు కట్టుకొని చెప్పాడా కథ?” అని అడిగింది. నిజంగానే చిడతలు లేవు. ఎక్కడో పక్క వీధిలో ఎవరో తాళం వేస్తున్నట్లు చిన్న టకటక మాత్రం ఉంది. హార్మోనియం దుప్పటి కప్పుకొని ఉంది. గొంతు ముక్కుదిబ్బడ పట్టినవాడి గొంతులా ఉంది.

పదునైన హెడ్‌ఫోన్ల వల్ల వచ్చే అసలు నష్టం ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. చెవినొప్పి వాటిని తీసేస్తే పోతుంది. కాని వాటిని పెట్టుకొని చేసిన పనిలో వాటి లోపం తలకిందులై స్థిరపడిపోతుంది: అవి ఎంత ఎక్కువ చూపిస్తే మనం అంత ఎక్కువ కోసేస్తాము, ఆ కోత వినేవారందరికీ మిగిలిపోతుంది. అదృష్టవశాత్తు ముడి ఫైళ్ళను వేరే డిస్కులో ఉంచుకున్నాను కనుక పదకొండూ మళ్ళీ మొదటినుంచి చేసుకోగలిగాను. మూడు వారాల పని మాత్రం బూడిదలో పోసినట్లయింది.

కొన్న తరువాత వెనక్కి పంపే గడువు ఏడు రోజులే. ఐదో రోజున అమ్మకందారుకు రాస్తే, “వంద గంటలు మోగించండి, మెత్తబడతాయి” అని జవాబు వచ్చింది. నేను అమాయకంగా రాత్రంతా బీరువాలో పెట్టి మోగించాను. వంద గంటల తరువాత కూడా ‘సీత’ అలాగే గుచ్చుకుంది. గడువు మాత్రం దాటిపోయింది. మోగించగా మోగించగా మారేది ఎక్కువ భాగం మన చెవి అలవాటేనని ఇప్పుడు నా అభిప్రాయం. ఇటువంటి సలహా ఎవరైనా ఇస్తే ముందు వెనక్కి పంపే పని చూసుకోవాలి, మోగించే పని తరువాత చూసుకోవచ్చు.

హెడ్‌ఫోన్ల మీద నెపం వేసే ముందు మూలంలో ఏమైనా ఉందేమో చూడడం ధర్మం కనుక, అద్దంకి బస్టాండు దగ్గర ఇంకా టేప్‌రికార్డర్లు బాగుచేస్తున్న ఒక పాత మెకానిక్ దగ్గరికి నా డెక్కును, అంటే క్యాసెట్లు మోగించే పెట్టెను, తీసుకుపోయాను. అక్కడ రెండు సంగతులు తేలాయి. మా బంధువొకరు గల్ఫ్ నుంచి తెచ్చిన డెక్కులో కాపీ తీసిన నాలుగు క్యాసెట్ల మీద డాల్బీ గుర్తు ఉంది. డాల్బీ బి పద్ధతిలో రికార్డు చేసేటప్పుడు మెల్లగా ఉండే పైధ్వనులను పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తారు. దానితో పాటే బుసా తగ్గుతుంది. వినేటప్పుడు డెక్కు మీద ఉండే డాల్బీ మీట వేయకపోతే తగ్గవలసినది తగ్గక కీచుమంటుంది. నేను మీట వేయలేదు. ఆ నాలుగింటి వరకు తప్పు నాదే. రెండోది, డెక్కులో టేపును చదివే భాగమైన హెడ్ కొంచెం వంగి ఉంది. హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూను మెకానిక్ ఒక వెంట్రుకవాసి తిప్పేసరికి మసకబారిన ట్రెబుల్ తిరిగి వచ్చింది. అంటే సరైన క్యాసెట్టు ధ్వని నేను విన్నదానికంటే ఇంకా పదునైనదన్నమాట! బాగుచేయించుకొని ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గుచ్చుకోవడం ఒక మెట్టు పైకెక్కింది. డాల్బీ లేని మిగిలిన 39 క్యాసెట్ల విషయంలో నేరం హెడ్‌ఫోన్లదేనని ఇక అనుమానం లేదు.

మా నాన్నగారికి 86 ఏళ్ళు. ఆయన చెవులకు పెట్టి చూపిస్తే, “నాకేం గుచ్చుకోవడంలా. బాగానే ఉందిగదరా!” అన్నారు. వయసుతో ముందుగా వినికిడి తగ్గేది పైధ్వనుల దగ్గరే కనుక, నాకు సూది అయినది ఆయనకు పువ్వు కావడంలో వింత లేదు. మా అబ్బాయి మాత్రం పది సెకన్లకే తీసేశాడు. ఇతరుల సమీక్షలు చదివి హెడ్‌ఫోన్లు కొనేవారు సమీక్షకుడి వయసు తెలుసుకోవడం మంచిదని నేను సగం సరదాగా, సగం నిజంగానే చెబుతున్నాను. నా వయసు 60.

ధ్వని ఎక్కువ పెట్టుకొని వినడం కూడా ఈ బాధను పెంచుతుంది. మెల్లగా ఉన్నప్పుడు మరుగున ఉండే, ట్రెబుల్‌లో ఒక చోట ఎత్తుగా లేచిన శిఖరం గట్టిగా పెట్టినప్పుడు భరించరానిదవుతుంది. నేను రెండు గీతలు తగ్గించిన రోజున పావుగంట అదనంగా పనిచేయగలిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌లు అనే హద్దు చెబుతున్నది. రోజుకు నాలుగైదు గంటలు ఈ పనిలో ఉండే నాకు ఆ హద్దు చాలా దగ్గరగా కనిపించింది. అయితే ధ్వని తగ్గించడం ఉపశమనమే గాని చికిత్స కాదు.

తరువాత అందరూ చేసే పని నేనూ చేశాను: ఫోనులో ఈక్వలైజరు (ధ్వనిని ఒక్కొక్క ప్రాంతంలో వేరువేరుగా పెంచే, తగ్గించే సాధనం) తెరిచి కుడిచివరి గీతను కిందికి లాగాను. ఏమీ జరగలేదు. ఎందుకు జరగలేదో తెలుసుకోవడానికి ఆ గీతల కింద ఉన్న అంకెలు చదవవలసి వచ్చింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ఐదు గీతల ఈక్వలైజరులో గీతలు 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. నా సూది ఉన్నది, తరువాత తేలినట్లు, 8 వేలకు పైన. అది చివరి రెండు గీతల నడుమ, కాపలా లేని సందులో కూర్చొని ఉంది. 14 వేల గీతను లాగితే గజ్జెల మెరుపు పోతుంది, సూది ఉంటుంది. 3,600 గీతను లాగితే మాట స్పష్టత పోతుంది, సూది అప్పటికీ ఉంటుంది. ‘ట్రెబుల్ తగ్గించండి’ అనే సాధారణ సలహా పనిచేయకపోవడానికి కారణం ఇదే. పదునైన హెడ్‌ఫోన్లలో చాలావాటికి ట్రెబుల్ మొత్తం ఎక్కువ ఉండదు. ఒక సన్నని చోట మాత్రం గుట్టలా లేస్తుంది. గుట్టను తవ్వడానికి ఊరంతా పల్లం చేయనక్కరలేదు.

ఆ గుట్ట ఎక్కడుందో కనిపెట్టడానికి నేను వాడిన మొదటి పరీక్ష మన అక్షరాలే. ‘స’ పలికేటప్పుడు ఒరిపిడి బలమంతా సుమారు 5 వేల హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ‘శ’, ‘ష’లు పలికేటప్పుడు అంతకు కిందనే ఉంటుంది. మంచి ఉచ్చారణ ఉన్న దాసుగారి కథలో ‘శివుడు’, ‘శ్రీరాముడు’, ‘శరము’ అనే మాటలనూ, ‘సీత’, ‘సభ’, ‘సోదరుడు’ అనే మాటలనూ మార్చి మార్చి విన్నాను. ‘శ’ దగ్గర చెవి నిశ్చింతగా ఉంది, ‘స’ దగ్గర ముడుచుకుంటోంది. కనుక దోషం 4 వేల ప్రాంతంలో కాదు, ఇంకా పైన. రెండు అక్షరాలూ గుచ్చుకొని ఉంటే వెదకవలసిన చోటు కిందికి జరిగేది. రోజూ మాట్లాడే మాటల్లో మనం ఈ మూడింటినీ కలిపేస్తాం గాని, కథ చెప్పేవారూ పద్యం చదివేవారూ కలపరు; అందుకని ఈ పరీక్షకు సినిమా సంభాషణ కంటే పద్యపఠనం మంచిది.

రెండో పరీక్ష యంత్రంతో చేసినది. ఆడాసిటీలో 4 వేల నుంచి 12 వేల హెర్ట్జ్ వరకు ఒక నిమిషంలో నెమ్మదిగా పైకి పాకే ఒంటి స్వరాన్ని తయారుచేసి, చాలా తక్కువ ధ్వనిలో విన్నాను. ఈ పరీక్షలో ధ్వని పెంచడం ప్రమాదం. వినిపించడం లేదు కదా అని పెంచితే గుట్ట వచ్చే సమయానికి చెవి దెబ్బతింటుంది. స్వరం 8 వేలు దాటేవరకు ఒకే మట్టంలో సాగి, 8,600 దగ్గర ఎవరో మీట తిప్పినట్లు ఉబికి వచ్చి, 9,500 దాటాక మళ్ళీ తగ్గింది. ఎడమవైపు 8,500, కుడివైపు 8,700. పదిన్నర వేల దగ్గర ఇంకొక చిన్న గుట్ట కూడా తగిలింది. కాని చిప్పలను చెవి మీద అర అంగుళం ముందుకూ వెనక్కూ జరిపి మళ్ళీ వింటే ఆ రెండోది చోటు మార్చుకుంది, మొదటిది మార్చుకోలేదు. చోటు మార్చుకునేది మన చెవి మలుపుల్లో ధ్వని ప్రతిఫలించడం వల్ల పుట్టినది; దాన్ని సరిచేయబోతే రేపు వేరే విధంగా పెట్టుకున్నప్పుడు అదే లోపమవుతుంది. కదలనిదే హెడ్‌ఫోన్లది. దాని మీదనే చేయి వేశాను.

చికిత్సకు ఉపయోగపడినది ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఇది విండోస్‌లో పనిచేస్తుంది. దీనికి అందమైన ముఖం లేదు. పీస్ అనే మరొక చిన్న ప్రోగ్రాము దానికి ముఖం తొడుగుతుంది. గీతల ఈక్వలైజరులో చోట్లు వారు నిర్ణయించినవి; ఇందులో చోటు మనం నిర్ణయిస్తాం. మూడు సంఖ్యలు ఇస్తే చాలు: ఎక్కడ, ఎంత లోతు, ఎంత వెడల్పు. ఈ మూడోదాన్ని క్యూ అంటారు. క్యూ పెరిగే కొద్దీ కోత సన్నగా ఉంటుంది. 8,600 హెర్ట్జ్, క్యూ 3 అని పెడితే కోత సుమారుగా 7,200 నుంచి 10,200 వరకు పరుచుకుంటుంది. లోతు విషయంలో మాత్రం నాలుగు సాయంత్రాలు పట్టింది. 3 డెసిబెల్‌లు తగ్గిస్తే ‘సీత’ కొంచెం మెత్తబడింది గాని అరగంటకు నుదుటి బరువు మళ్ళీ వచ్చింది. ఇక లాభం లేదని 10 తగ్గిస్తే గుచ్చుకోవడం పూర్తిగా పోయి, చిడతలు కర్రముక్కలయ్యాయి. 6 దగ్గర నిలిచాను. 6 డెసిబెల్‌లు తగ్గించడమంటే ఆ చోట ధ్వని తరంగపు ఎత్తును దాదాపు సగం చేయడం. అక్కడ చిడతలు లోహంగానే ఉన్నాయి, దాసుగారు ‘సీత’ అంటే సీత అనే వినిపించింది.

నా తూకపురాయి చిడతలేనని పాఠకులు గమనించే ఉంటారు. అవి చేతిలో పట్టుకొనే చెక్కల్లో బిగించిన లోహపు బిళ్ళలు. దెబ్బ కొట్టగానే ‘ఛళ్’మని మొదలై ‘ణ్ణ్’ అని ఆరుతాయి. మొదటి ముక్క ఎక్కువైతే హెడ్‌ఫోన్లు పదును, రెండో ముక్క వినిపించకపోతే మనం ఎక్కువ కోశామన్నమాట. రెండూ ఉండాలి. హరికథ అలవాటు లేనివారు గుడి గంట, గజ్జె, పెళ్ళి తాళాలు ఏవైనా పెట్టుకోవచ్చు. అసలు ధ్వని నేరుగా విని, చెవికి గుర్తున్నదై ఉండాలి, అంతే. ఎప్పుడూ నేరుగా వినని వాద్యంతో హెడ్‌ఫోన్లను పరీక్షించడం చూడని మనిషి ఫొటో చూసి పోలిక చెప్పడం వంటిది.

రెండో తూకపురాయి నాదస్వరం. అది సహజంగానే పదునైన వాద్యం. ఆరుబయట ఊరేగింపులో వినిపించడానికి పుట్టింది. దాన్ని మెత్తగా వినిపించే హెడ్‌ఫోన్లు అబద్ధం చెబుతున్నట్లే. మా ఒంగోలు పక్కనున్న కరవదిలో 1924లో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరాన్ని మంచి రికార్డింగులో విన్నాను. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆ విద్వాంసుడి రాగాలాపనలో ఊపిరి ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే తీరు ఈ సవరణకు ముందు నాకు వినపడలేదు, పై అంచు చప్పుడు దాన్ని కమ్మేసేది. సవరణ తరువాత వాద్యం బలం తగ్గలేదు, జారుడు బయటపడింది. ఒక చోట కోస్తే ఇంకొక చోట వివరం పెరుగుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మి ఉండేవాడిని కాను.

ఈ సాఫ్ట్‌వేరు గురించి రెండు జాగ్రత్తలు. ఇది చెవికి చేరే ధ్వనిని మాత్రమే మారుస్తుంది, ఆడాసిటీలో మనం దాచుకునే ఫైలును ముట్టుకోదు. నా వంటి పనికి అదే కావాలి. అలాగే కొన్ని ఆడియో ప్రోగ్రాములు విండోస్‌ను దాటవేసి నేరుగా సౌండు పరికరంతో మాట్లాడే పద్ధతిని పెట్టుకొని ఉంటాయి. అప్పుడు ఈ సవరణ పనిచేయదు. ‘ఇవాళ మళ్ళీ గుచ్చుకుంటోందేమిటి’ అని నేను ఒక పూట అంతా తల బద్దలు కొట్టుకున్నది అందుకే.

ఈ సాఫ్ట్‌వేరు ఫోనులో పనిచేయదు కనుక అద్దంకి బస్టాండు మెకానిక్ సలహా అడిగాను. ఆయన తీగ మార్చమనలేదు, డ్రైవరు (హెడ్‌ఫోనులో ధ్వని పుట్టించే భాగం) మార్చమనలేదు. అందుకే ఆయన మీద గురి కుదిరింది. మెత్తలు ఊడదీసి, పాత వాక్‌మన్ హెడ్‌ఫోన్లకు ఉండే పలుచని స్పాంజి వంటి ముక్కను డ్రైవరు మీద సరిపోయేలా గుండ్రంగా కత్తిరించి, నడిమధ్యలో రూపాయి బిళ్ళంత రంధ్రం చేసి పెట్టారు. “ఇది ఒక పొరేనండి సార్. రెండు వేశారంటే మళ్ళీ నా దగ్గరకు రావాల్సిందే” అన్నారు. వంద రూపాయలు తీసుకున్నారు. ఇంటికి వచ్చి, మాట వినని గుణం చేత రెండో పొర వేసి చూశాను. ఆయన చెప్పినట్లే హార్మోనియం మళ్ళీ దుప్పటి కప్పుకుంది. ఒక్క పొరతో మాత్రం సూది మొన కొంచెం విరుగుతుంది. ఇది సాఫ్ట్‌వేరు కోతలా సూటిగా పనిచేయదు; పైభాగం అంతటినీ కొంచెం కొంచెం తగ్గిస్తుంది. ఇటువంటి మోటు వైద్యానికి గొప్ప పూర్వీకులే ఉన్నారు: యమహా సంస్థ 1978లో తెచ్చిన ఎన్ఎస్-10 స్పీకర్ల పదును భరించలేక పాశ్చాత్య స్టూడియోలలో పేరున్న ఇంజనీర్లే వాటి ట్వీటర్ల (పైధ్వనులు పలికే చిన్న స్పీకర్ల) ముందు టిష్యూ కాగితం అంటించుకొని పనిచేశారు.

తయారీదారులే ఈ గుట్టను తగ్గించడానికి పూనుకున్న సందర్భమూ ఉంది. సెన్‌హైజర్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌డి 800 అనే హెడ్‌ఫోన్లలో 6 వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉన్న శిఖరాన్ని, 2016లో వచ్చిన హెచ్‌డి 800 ఎస్‌లో ఆ కంపనాన్ని మింగేసే ఒక చిన్న అమరికతో తగ్గించారు. లక్ష రూపాయల వస్తువుకు కూడా సన్నని గుట్ట ఒకటి ఉండగలదని, దానికి మందు కూడా సన్నగానే ఉండాలని ఈ ఉదాహరణ నాకు ధైర్యమిచ్చింది.

ఆరు నెలలపాటు అంతా బాగుండి, ఏడో నెలలో గుచ్చుకోవడం నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఈసారి కారణం మెత్తలు. రోజూ నాలుగైదు గంటల వాడకానికి స్పాంజి అణిగిపోయి, చెవికీ డ్రైవరుకూ మధ్య దూరం తగ్గింది. పాకే స్వరంతో మళ్ళీ కొలిచి చూస్తే గుట్ట అక్కడే ఉంది, ఎత్తు పెరిగింది. కోతను 6 నుంచి 7.5 డెసిబెల్‌లకు పెంచవలసి వచ్చింది. వేలితో నొక్కితే మెత్త తిరిగి పైకి లేవకపోవడమే గుర్తు. చవకలో దొరికిందని రెక్సిన్ మెత్తల జత ఒకటి తెప్పించి వేసి చూశాను. పదును తగ్గింది గాని బాస్ ఉబ్బిపోయి మృదంగం తవిలులా మోగింది, చెమట సంగతి చెప్పనక్కరలేదు. రెండు రోజుల్లో తీసేశాను. మెత్తలు మార్చడమంటే ఒక రకంగా హెడ్‌ఫోన్లనే మార్చడం, కనుక అసలు సంస్థ మెత్తలనే కొనాలి, కొన్న తరువాత సవరణ సంఖ్యలను మళ్ళీ సరిచూసుకోవాలి.

ఇన్ని తిప్పలు పడి కూడా ఈ హెడ్‌ఫోన్లను కొనవచ్చునని చెబుతానా అంటే, కంప్యూటరు ముందు కూర్చొని సవరణ చేసుకొని వినేవారికి చెబుతాను. ఈ ధరలో ఇంత సౌకర్యంగా, ఇంత ఎడంగా వినిపించేవి నాకు తారసపడలేదు. ఫోనుకు తగిలించుకొని నేరుగా పాతపాటలు వినేవారికి చెప్పను; పాత సినిమా పాటల రికార్డింగుల్లో గొంతు ముందుకు వచ్చి ఉంటుంది కనుక ‘స’ ఇంకా ముందుకు వస్తుంది. ఇతరులు వినవలసిన ధ్వనిని సరిదిద్దే పనికి సవరణ లేకుండా ఎవరూ వాడకూడదు. ఐదులో మూడు మార్కులు వేస్తాను; సవరణతో నాలుగు. సవరణ నా కంప్యూటరులో ఉంది గాని హెడ్‌ఫోన్లలో లేదు, అందుకే నాలుగును అసలు మార్కు అనలేను. మా అబ్బాయి లాప్‌టాప్‌కు తగిలిస్తే ఇప్పటికీ అదే సూది.

పదకొండు క్యాసెట్లనూ మళ్ళీ చేశాను. ఈసారి బుసను ఒక్కసారే, అదీ సగానికే తుడిచి, పైభాగాన్ని అసలు ముట్టుకోలేదు. ప్రతి క్యాసెట్టు పూర్తయ్యాక హెడ్‌ఫోన్లు తీసి హాల్లోని స్పీకరులోనూ, ఆ తరువాత వంటింట్లో ఉన్న చిన్న రేడియోపెట్టెలోనూ వింటున్నాను. ఇప్పటికి 31 అయ్యాయి. కొత్త మెత్తలకు ఆర్డరు పెట్టాను. అవి వచ్చిన తరువాత 7.5ను మళ్ళీ 6కు దించవలసి ఉంటుంది.